నమూనా లేని అల్లిక

వర్క్‌షాప్‌లో చేరినవాళ్ళకి ముందుగా ఒక జాబితా పంపారు. రెండు మూడు మందాల్లో ఊలు, సన్నవీ లావువీ అల్లిక సూదులు, కత్తెర, ఒక పాచిక, ఊలు కాని పొడుగాటి వస్తువు ఏదైనా ఒకటి. అడుగున ఒక షరతు: నమూనా పుస్తకాలు తేవద్దు, ఫోన్లో దాచుకున్న డిజైన్లు తెరవద్దు. ఏం తయారు చేయబోతున్నామో మాత్రం అందులో ఎక్కడా లేదు. మా అమ్మాయి అది చదివి, "పాచికెందుకమ్మా? వైకుంఠపాళీ ఆడిస్తారా?" అంది.

నేను పాలకొల్లులో ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. అమ్మాయి అట్లాంటాకి ఉత్తరాన అల్ఫారెటాలో ఉంటుంది. పగలు వాళ్ళు ఆఫీసులకీ, మనవడు బడికీ వెళ్ళిపోతే కారు తోలడం రాని నాలాంటివాళ్ళకి అక్కడ మిగిలేది కిటికీ ఒక్కటే. ఊలు అమ్మే ఒక కొట్టు పైఅంతస్తులో శని, ఆదివారాల్లో 'ప్రయోగాత్మక అల్లిక' నేర్పుతున్నారని తెలియగానే పేరు రాయించుకున్నాను.

అల్లిక నా చేతికి కొత్త కాదు. విశాఖలో ఎమ్మెస్సీ చదివే రోజుల్లో హాస్టల్ రూమ్మేటు ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్స్‌లో పెరిగిన తెలుగమ్మాయి. సీదా, ఉల్టా అంటూ ఊలు అల్లిక ఆ పిల్లే నేర్పింది. విశాఖలో స్వెట్టరుతో పనేముందని నవ్వుకుంటూనే నేర్చుకున్నాం. అంతకు చాలా ముందునుంచీ వచ్చింది లేసు. నరసాపురం చుట్టుపక్కల ఊళ్ళో పుట్టిన ఆడపిల్లకి అది వేరే నేర్పక్కర్లేదు. అరుగు మీద అమ్మ పక్కన కూర్చుంటే వచ్చేస్తుంది.

స్వెట్టరు, మఫ్లరు, కోతిటోపీ, చంటిపిల్లల మేజోళ్ళు: ఊలు అల్లిక అంటే మనకి ఇవే గుర్తొస్తాయి. వీటికి ఒక నమూనా ఉంటుంది, కొలత ఉంటుంది, చివరికి తొడుక్కునే మనిషి ఉంటాడు. ప్రయోగాత్మక అల్లికలో ఈ మూడూ పక్కకి పోతాయి. ఇలా చేస్తే ఏమవుతుంది అన్న ప్రశ్న ఒక్కటే మిగులుతుంది. ముప్పై ఏళ్ళకి పైగా పిల్లల చేత ఆ ప్రశ్న అడిగించాలని గొంతు చించుకున్నదాన్ని. అమెరికాలో ఒక ఊలు కొట్టు మేడ మీద దాన్ని నన్నే అడగమన్నారు.

ఉచ్చులోంచి ఉచ్చు

ముందు అల్లిక అంటే ఏమిటో చూద్దాం. ఇంట్లో బనియను ఒకటి తీసుకుని భూతద్దం కింద పెట్టండి. ఫోన్ కెమెరాతో దగ్గరికి చూసినా చాలు. బయటివైపు ఇంగ్లీషు 'వీ' అక్షరాలు నిలువు వరసల్లో పేర్చి కనిపిస్తాయి. లోపలివైపు తిప్పితే అడ్డంగా చిన్న చిన్న అర్ధచంద్రాలు. తిరుప్పూరులో యంత్రం అల్లినా, సిమ్లాలో ఓ అవ్వ ఎండలో కూర్చుని అల్లినా నిర్మాణం ఇదే.

మగ్గం గుడ్డ సంగతి వేరు. అందులో పడుగు దారాలు నిలువునా, పేక దారాలు అడ్డంగా దాదాపు తిన్నగా పోతాయి. అందుకే పంచెని నిలువునా గాని అడ్డంగా గాని పట్టి లాగితే సాగదు. అల్లికలో దారం ఎక్కడా తిన్నగా ఉండదు. ఒకే దారం వంపులు తిరుగుతూ ఉచ్చులు వేస్తుంది. కింది వరస ఉచ్చులోంచి పై వరస ఉచ్చు బయటికి వస్తుంది. బనియను లాగినప్పుడు సాగేది దారం కాదు, ఆ వంపు. వదిలేస్తే వంపు తన ఆకారానికి తిరిగొస్తుంది.

సీదా, ఉల్టా అని రెండు కుట్లు చెబుతారు గాని నిజానికి రెండూ ఒకటే ఉచ్చు. ముందునుంచి చూస్తే సీదా, వెనకనుంచి చూస్తే ఉల్టా. ఈ రెండింటిని ఏ వరసలో పేర్చామన్నదే అల్లికలో సగం విద్య.

లేసు అల్లిక, అంటే క్రోషె, దీనికి చుట్టమే గాని పద్ధతి వేరు. అక్కడ కొక్కెం సూది ఒక్కటే. ఒక కుట్టు ముగిశాకే రెండోదాని జోలికి పోతాం, కాబట్టి ఎప్పుడు చూసినా తెరిచి ఉండేది ఒక్క ఉచ్చే. ఊలు అల్లికలో వరస మొత్తం ఉచ్చులన్నీ సూది మీద తెరిచే ఉంటాయి. సూది జారితే అన్నీ ఒకేసారి స్వేచ్ఛ పొందుతాయి. మామూలుగా అది ప్రమాదం. ఈ వర్క్‌షాప్‌లో అదే ముడిసరుకు.

ఇదంతా నిన్న మొన్నటి విద్య కాదు. ఈజిప్టులో మధ్యయుగాల నాటి నూలు మేజోళ్ళు నీలం, తెలుపు నమూనాలతో సహా దొరికాయి. 1589లో ఇంగ్లండులో విలియం లీ మేజోళ్ళు అల్లే యంత్రాన్నే కట్టాడు. ఎలిజబెత్ రాణి దానికి పేటెంటు ఇవ్వలేదు. యంత్రం వచ్చిన ఇన్ని వందల ఏళ్ళకి కూడా చేతి అల్లిక బతికి ఉందంటే, అవసరం తీరిపోయినా దాని మీద మనుషుల కుతూహలం తీరలేదన్నమాట.

పాచిక చెప్పినట్టు

మేం పదిమందికి పైగా ఉన్నాం. రిటైరైన ఎలక్ట్రీషియన్ ఒకాయన, నర్సులు, కాలేజీ పిల్లలు, సిద్దిపేట నుంచి వచ్చి అక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న ఒక తెలుగమ్మాయి. టీచరు మెడలో కొలత టేపు వేసుకున్న పెద్దావిడ. ఎవరు ఏం అల్లగలరో అడగలేదు. సూదికి ముప్పై కుట్లు ఎక్కించమంది, పాచిక తీయమంది. బేసి సంఖ్య పడితే సీదా, సరి సంఖ్య పడితే ఉల్టా. ఒక్కో కుట్టుకీ ఒక్కో పందెం.

గదంతా పాచికల చప్పుడు. చెయ్యి అలవాటు కొద్దీ తన దారిన పోబోతుంది, పాచిక ఒప్పుకోదు. నాలుగు సీదాలు వరసగా పడతాయి, వెంటనే మూడు ఉల్టాలు. వేళ్ళకి లయ దొరకదు. నా పక్కన కూర్చున్న సిద్దిపేట అమ్మాయి నా చేతుల వంక చూసి, "ఆంటీ, పాచిక ఏస్కుంట గూడ మీరు గింత జల్దీ ఎట్ల అల్లుతున్నరు?" అంది. "లేసు అల్లిన చేతులమ్మా ఇవి. చిన్నప్పుడు ముక్కకింతని లెక్క కట్టి ఇచ్చేవాళ్ళు, నెమ్మదిగా అల్లితే గిట్టేది కాదు" అన్నాను.

అరచెయ్యంత ముక్కలు తయారయ్యాక అన్నీ బల్ల మీద పరిపించింది టీచరు. ఒకదాని ముఖం ఒకదానికి లేదు. అయినా అన్నింటిలో ఒక పోలిక ఉంది: ఒక్క ముక్క కూడా అంచులు చుట్టుకోలేదు. ముక్కలన్నీ బల్లకి అంటుకుని పడుకున్నాయి.

ఇది ఎందుకు ముఖ్యమో చెప్పాలి. పాత టీషర్టుని ఇల్లు తుడిచే గుడ్డ కోసం కత్తిరించినప్పుడు కత్తిరించిన అంచు దానంతట అదే చుట్టుకుపోవడం మీరు చూసే ఉంటారు. ముందువైపంతా సీదాగా ఉండే అల్లికకి ఆ గుణం ఉంది: పక్క అంచులు వెనక్కి, పై అంచూ కింది అంచూ ముందుకి చుట్టుకుంటాయి. కారణం దారం పట్టుదల. వంచిన ఏ దారమైనా తిన్నగా సాగాలనే చూస్తుంది. ఉచ్చు కాళ్ళు గుడ్డకి ముందువైపున, తలా పాదాలూ వెనకవైపున ఉండడంతో రెండు వైపులా ఆ పట్టుదల సమానంగా ఉండదు. ఆ తేడాకి గుడ్డ ఒంగుతుంది. సీదా ఎటు ఒంచుతుందో ఉల్టా దానికి ఎదురు ఒంచుతుంది. పాచిక వేస్తే దాదాపు సగం సీదా, సగం ఉల్టా అన్నిచోట్లా కలగలిసిపోతాయి. ఒకదాని బలం ఒకదానికి చెల్లయిపోతుంది. నమూనా లేకపోవడమే గుడ్డని చదునుగా నిలబెట్టింది.

సాయంత్రం అమ్మాయికి ఈ సంగతి చెబితే, దీని మీద పరిశోధన చేసేవాళ్ళు అట్లాంటాలోనే ఉన్నారని వెతికి చూపించింది. జార్జియా టెక్‌లో ఎలిసబెట్టా మత్సుమోటో భౌతిక శాస్త్రవేత్త, స్వయంగా అల్లిక వచ్చిన మనిషి. ఆమె బృందం 2024లో 'నేచర్ కమ్యూనికేషన్స్' పత్రికలో ఒక పరిశోధన ప్రచురించింది. సీదా, ఉల్టాలని నాలుగు రకాలుగా పేర్చిన అల్లికలు తీసుకుని, ఏది ఎటు ఎంత సాగుతుందో కొలిచారు. ముందువైపంతా సీదా వచ్చేది, వరస విడిచి వరస ఉల్టా వచ్చేది, స్వెట్టరు మణికట్టు దగ్గర నిలువు చారలుగా ఉండే రిబ్బు, కుట్టు విడిచి కుట్టు మారే సీడ్. వాళ్ళు తేల్చింది ఏమిటంటే, సాగని దారంతోనే కుట్ల వరస మార్చి గుడ్డ ఎంత మెత్తగా ఉండాలో, ఎటు సాగాలో ముందే నిర్ణయించవచ్చు. ఖరగ్‌పూర్ అమ్మాయి మణికట్టు దగ్గర 'రెండు సీదా, రెండు ఉల్టా' అని చెప్పినప్పుడు చెప్పిందీ ఇదే. దానికి సమీకరణం రాయడానికి ఇన్నాళ్ళు పట్టింది.

కావాలని జారవిడిచిన కుట్టు

తర్వాతి అభ్యాసం వింటే మా రూమ్మేటుకి గుండె ఆగిపోయేది. బాగా అల్లిన ముక్క మధ్యలో ఒక కుట్టుని సూది మీంచి తీసి వదిలేయాలి. తర్వాత ముక్కని రెండు చేతులతో పట్టి అడ్డంగా లాగాలి.

వదిలిన ఉచ్చు కిందికి దిగడం మొదలుపెడుతుంది. కింది ఉచ్చు దాన్ని పట్టుకుని ఉన్నంతసేపు ఆగుతుంది. ఇంకాస్త లాగితే అదీ వదిలేస్తుంది. ఒక్కో వరస దాటినప్పుడు వేలికి చిన్న కుదుపు తెలుస్తుంది. అడుగు వరస దాకా దిగేసరికి అక్కడ అడ్డ మెట్లతో ఒక నిచ్చెన మిగులుతుంది. ఉచ్చు వెయ్యడానికి ఖర్చయిన దారమంతా విడుదలై అడ్డంగా పరుచుకుంటుంది కాబట్టి ముక్క వెడల్పు పెరుగుతుంది. జారిన కుట్టు నిలువునా తన వరసలోనే దిగుతుంది గాని పక్క వరసలకి పాకదు. అది తెలిశాక ఎక్కడ జారవిడిస్తే ఎక్కడ సందు వస్తుందో ముందే లెక్క వేసుకోవచ్చు.

ఆ తర్వాత రాతగీతల లేసు. కెనడాలో ఉండే డెబీ న్యూ అనే ఆవిడ 2003లో 'అనెక్స్‌పెక్టెడ్ నిట్టింగ్' అని ఒక పుస్తకం వేసింది. ఈ రంగంలో ఉన్నవాళ్ళందరి అల్మరాలో అది ఉంటుంది. ఆ లేసు పద్ధతి ఆమెదే. లావు సూదుల మీద బాగా సన్నని దారంతో కొన్ని వరసలు అల్లి, మధ్యలో ఒక వరస మందపాటి ఊలుతో అల్లాలి. సన్న దారం లావు సూది మీద వదులుగా, దాదాపు కనిపించకుండా ఉండిపోతుంది. మందపాటి ఊలు మాత్రం గాలిలో పిచ్చిగీతలు గీసినట్టు తేలుతుంది. నేను సన్న దారానికి పెట్టెలో తెచ్చుకున్న నరసాపురం లేసు దారం వాడాను, గీతలకి ఎర్ర ఊలు. లేసు దారం మెలి గట్టిది, జారుడెక్కువ, ఊలు గరుకు. రెంటికీ పొత్తు కుదరదనుకున్నాను. ఊలు గరుకుతనమే లేసు దారాన్ని జారనివ్వకుండా పట్టింది.

డెబీ న్యూ అక్కడితో ఆగలేదు. లేసుతో పుట్టి అల్లింది. కృష్ణలో, తుంగభద్రలో జనాన్ని ఏరు దాటించే గుండ్రటి పుట్టి ఉంటుందే, అదే. అల్లిన లేసుకి రెజిన్ పట్టించి గట్టిపరచి నీళ్ళ మీద తేల్చింది. కన్నాలతో అల్లిన వస్తువు నీళ్ళని ఆపడం చూస్తే, అల్లిక దేనికి పనికొస్తుందో దేనికి పనికిరాదో మనం గీసుకున్న గీత చెరిగిపోతుంది.

ఊలు కానివి

రెండో రోజు, ఇంటినుంచి తెచ్చుకున్న 'ఊలు కాని వస్తువులు' బయటికి తీశాం. పాలిథిన్ సంచులని చుట్టూ కత్తిరించి చేసిన రిబ్బన్లు, పాత క్యాసెట్టు టేపు, గాలపు నైలాన్ దారం, ఎలక్ట్రీషియన్ గారి రాగి తీగ. మా అల్లుడు ఇచ్చిన పాత నెట్‌వర్క్ కేబుల్లోని సన్న తీగలు నావి.

రాగి తీగ మంచి పాఠం చెప్పింది. ఊలుకి ఉన్న తిరిగి లేచే గుణం దానికి లేదు. ఉచ్చు ఎలా ఒంచితే అలా ఉండిపోతుంది, కాబట్టి అల్లిన రాగి గుడ్డని గిన్నెగా నొక్కితే గిన్నెగా నిలుస్తుంది. ఒకే చోట మళ్ళీ మళ్ళీ ఒంచి సరిచేస్తే మాత్రం అక్కడ గట్టిపడి పుటుక్కున తెగుతుంది. ఊలు మన తడబాట్లని దాచిపెడుతుంది, రాగి ప్రతిదాన్నీ గుర్తుపెట్టుకుంటుంది.

సిద్దిపేట అమ్మాయి తెచ్చింది ఊలే, అయినా టీచరు ఒప్పుకుంది. నల్లటి, గరుకైన ఒంటిపోగు దారం. "ఇది గొంగడి ఊలు ఆంటీ. మా నాయనమ్మ వడికింది" అని ఉండ నా చేతిలో పెట్టింది. తెలంగాణ పల్లెల్లో దక్కనీ గొర్రెల ఊలుతో కురుమలు నేసే గొంగడి తెలియనివాళ్ళుండరు. పడుగుకి చింతగింజల గంజి పట్టించి, గుంటమగ్గం మీద నేస్తారు. వానకీ చలికీ రెంటికీ కాపరికి అదే గొడుగు, అదే దుప్పటి. మగ్గం మీద బిగువుకి తట్టుకోవాలని ఆ దారానికి మెలి గట్టిగా పెడతారు. అలాంటి దారాన్ని సూదుల మీద అల్లితే ఏమవుతుంది?

చతురస్రంగా మొదలుపెట్టిన ముక్క ఒక పక్కకి ఒరిగిపోయింది. ఎంత తిన్నగా అల్లినా ఒరుగుతూనే ఉంది. మెలి విప్పుకోవాలని చూసే దారం ప్రతి ఉచ్చునీ కొంచెం పక్కకి తిప్పుతుంది. అన్ని ఉచ్చులూ ఒకే పక్కకి తిరిగితే గుడ్డంతా ఒరుగుతుంది. చవక టీషర్టు నాలుగు ఉతుకులు పడ్డాక పక్క కుట్టు పొట్ట మీదికి తిరిగొస్తుంది చూడండి, అదీ ఈ కారణం చేతే. ఆ పిల్ల ఒరుగుడుని సరిచేయలేదు. ఒరిగే ముక్కలే నాలుగు అల్లి అంచులు కలిపి మెలి తిరిగిన గొట్టం చేసింది. గరుకు ఊలు కాబట్టి అది ఏ ఆధారం లేకుండా బల్ల మీద నిలబడింది.

ఊలు కానివాటితో అల్లడానికి పెద్దల దారి ఉంది. అమెరికాలో మేరీ వాకర్ ఫిలిప్స్ మొదట మగ్గం నేతలో పేరు తెచ్చుకుని, తర్వాత అల్లికలోకి వచ్చింది. 1971లో ఆమె వేసిన 'క్రియేటివ్ నిట్టింగ్' పుస్తకం, అల్లిక తొడుక్కునే వస్తువే కానక్కర్లేదు, గోడకి వేలాడే కళాఖండం కూడా కావచ్చని వాదించింది. నార, పట్టు, తోలు పీలికలు, కాగితపు టేపు కూడా ఆమె సూదుల మీదికి ఎక్కాయి. 2005లో మసాచుసెట్స్‌లోని మాస్ మోకా మ్యూజియం దగ్గర డేవ్ కోల్ రెండు ఎక్స్‌కవేటర్ల చేతులకి కరెంటు స్తంభాలు బిగించి, వాటినే సూదులు చేసి పెద్ద అమెరికా జెండా అల్లించాడు. ఇటు మన తీరానికి వస్తే, 1997లో చిత్రకారిణి జానెట్ ఎకెల్మన్ మహాబలిపురంలో తన రంగుల పెట్టెలు అందక ఎదురుచూస్తూ, ఇసుక మీద కుప్పలుగా పడి ఉన్న చేపల వలలు చూసి వాటితోనే శిల్పాలు మొదలుపెట్టింది. ఇప్పుడు ఆమె వలలు ప్రపంచంలోని నగరాల్లో భవనాల మధ్య ఆకాశంలో వేలాడుతున్నాయి. వల అల్లిక వేరు, ఊలు అల్లిక వేరు. సరుకుని చూసే చూపు ఒకటే.

లెక్క తప్పని ముడతలు

ప్రయోగమంటే ఇష్టమొచ్చినట్టు చేయడమని అనుకుంటారు. నాకు నచ్చినవి లెక్కతో చేసినవి.

ఇంగ్లండులో పుట్టి అమెరికాలోని విస్కాన్సిన్‌లో స్థిరపడిన ఎలిజబెత్ జిమ్మర్‌మన్ 1974లో 'నిట్టర్స్ ఆల్మనాక్' పుస్తకంలో ఒక గుండ్రటి శాలువా చెప్పింది. నడిమధ్య 9 కుట్లతో మొదలు. కాస్త అల్లి 18 చేయాలి. 3 చుట్లు ఏమీ పెంచకుండా అల్లి, రెట్టింపు చేసి 36. 6 చుట్లు అల్లి 72. 12 చుట్లు అల్లి 144. అలా పోతూనే ఉంటుంది. వృత్తం వ్యాసార్ధం రెట్టింపైతే చుట్టుకొలతా రెట్టింపవుతుంది, అంతే సూత్రం. తొమ్మిదో తరగతి లెక్క. పెంచే చుట్లు గుర్తుంటే చాలు, మధ్యలో ఏ పువ్వు వేసుకుంటావో నీ ఇష్టం అని వదిలేసింది ఆవిడ. నమూనాకి బదులు సూత్రం ఇచ్చింది.

కుట్లు అంతకన్నా వేగంగా పెంచితే? ప్రతి కొన్ని కుట్లకీ ఒకటి చొప్పున ప్రతి చుట్టులోనూ పెంచుకుంటూ పోతే చుట్టుకొలతకి చదునుగా పరుచుకునే చోటు చాలదు. అంచు పైకీ కిందికీ మడతలు పడి కోడిజుట్టు పువ్వులా తయారవుతుంది. గణితంలో దీన్ని హైపర్బోలిక్ తలం అంటారు. 1997లో కార్నెల్ యూనివర్సిటీలో డైనా టైమినా విద్యార్థులకి చేత్తో పట్టుకుని చూపించడానికి దీన్ని తయారుచేసింది. మొదట ఊలు సూదులతో ప్రయత్నిస్తే పెరిగే కుట్లు సూది మీద పట్టలేదు; కొక్కెం సూదికి మారింది. ఒక్క ఉచ్చే తెరిచి ఉండే క్రోషె ఇక్కడ గెలిచింది. ఆమె పని చూసి వర్థైమ్ అక్కచెల్లెళ్ళు మార్గరెట్, క్రిస్టీన్ 2005లో లాస్ ఏంజెలెస్‌లో క్రోషె పగడపు దిబ్బలు మొదలుపెట్టారు. సముద్రంలో పగడాలూ నాచులూ పెరిగే ఆకారం అదే కాబట్టి.

ఈ అభ్యాసానికి నేను కొక్కెం సూదీ లేసు దారమూ తీశాను. అంచు ముడతలు పడుతుంటే టీచరు "ఇంకా పెంచు, ఇంకా" అంటోంది. నా చెవిలో వేరే గొంతు వినిపించింది. మా ఊళ్ళో లేసు అంచు ముడత పడిందంటే కుట్లు ఎక్కువ పడ్డాయని అర్థం. ఏజెంటు దాన్ని బల్ల మీద పరిచి చూసి, తిప్పి కొట్టేవాడు.

తూకం దారం

నరసాపురం ప్రాంతానికి లేసు అల్లిక 19వ శతాబ్దంలో స్కాట్లండు నుంచి వచ్చిన మిషనరీ దంపతులు మెక్రేల ద్వారా వచ్చిందని చెబుతారు. కరువు రోజుల్లో కూడు పెట్టిన పని అది. తర్వాత పెద్ద వ్యాపారమైంది. ఎగుమతిదారు ఏజెంటుకి దారం ఇస్తాడు, ఏజెంటు ఇల్లిల్లూ తిరిగి తూచి పంచుతాడు. విడి పువ్వులు అల్లడం చేతిపని, ఆ పువ్వులని కలిపి టేబుల్ క్లాతుగా చేయడం అతుకుపని. ఒక్కో పనికి ఒక్కో ఇల్లు. కూలి ముక్కకింత. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ మా ఊళ్ళలో తిరిగి 1982లో 'ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్' రాసింది. ఈ ఆడవాళ్ళని పనివాళ్ళుగా గుర్తించకుండా, ఖాళీ వేళల్లో ఏదో అల్లుకునే గృహిణులుగా లెక్కేయడం వల్లే కూలి అంత తక్కువగా ఉండగలుగుతోందని ఆమె చూపించింది.

మా అమ్మకి తెలియని కుట్టు లేదు. పెళ్ళిలో ఎవరి జాకెట్టుకో కొత్త అంచు కనబడితే కళ్ళతోనే కన్నాలు లెక్కపెట్టుకుని వచ్చి రాత్రికి అల్లేసేది. తూకంలో మిగిలిన తునకలు ముడేసి, ఏ ఆర్డరులోనూ లేని పువ్వులు అల్లి నా పావడా అంచుకి కుట్టేది. ఒకదానికి ఐదు రేకులు, పక్కదానికి ఏడు. అట్లాంటా టీచరు బల్ల మీద పరిచి మెచ్చుకోదగ్గ పని. మరి అలాంటి మనిషి ప్రయోగం ఎందుకు తునకలతోనే ఆగిపోయింది?

దారం వృథా అవుతుందనా? ఆలోచిస్తే అది పూర్తి జవాబు కాదు. కత్తిరించిన గుడ్డ మళ్ళీ అతకదు గాని, అల్లిక కొస పట్టి లాగితే మొత్తం ఊడి దారం దారంగానే తిరిగొస్తుంది. ఊలైతే తడిపి ఆరేస్తే మళ్ళీ కొత్తదే. తెల్ల లేసు దారం విప్పితే కాస్త నలుగుతుంది, మెలి తగ్గుతుంది, అంతవరకు నష్టం నిజమే. తిరిగి రానిది పొద్దు. ముక్కకింత కూలి ఇచ్చే చోట, అల్లి విప్పిన గంటకి ధర సున్నా. అట్లాంటా మేడ మీద మేం డబ్బు కట్టి కొనుక్కున్నది ఊలు కాదు, నేర్పూ కాదు. ఏమీ తేలకపోయినా ఎవరూ తిప్పి కొట్టని రెండు పగళ్ళు కొనుక్కున్నాం.

ఇంట్లో చేసి చూడాలంటే

మన ఊళ్ళలో చలి లేదు కదా అని సందేహించక్కర్లేదు, తొడుక్కోవడానికి కాదుగా. ఫ్యాన్సీ షాపులో అక్రిలిక్ ఊలు ఉండలు, జత సూదులు దొరుకుతాయి. మన దగ్గర అమ్మే సూదులకి నంబరు పెరిగేకొద్దీ సూది సన్నమవుతుంది. మొదటిసారికి 8వ నంబరు చేతికి బాగుంటుంది. సీదా, ఉల్టా రెండూ వస్తే చాలు. ముప్పై కుట్లు ఎక్కించి, పిల్లల పాచిక తీసుకుని మొదలుపెట్టండి.

అక్రిలిక్‌తో ఇంకో సరదా ఉంది. ఒక ముక్క అల్లి, సగం మీద తడిగుడ్డ కప్పి ఇస్త్రీ పెట్టె ఆనించండి. వేడికి పోగు తన బిగువు వదిలేసి మెత్తగా వేలాడుతుంది. చల్లారినా పాత స్థితికి రాదు. రెండో సగం మామూలుగా సాగి లేస్తుంది. ఒకే ముక్కలో రెండు స్వభావాలు. చిరిగిన పాలియెస్టరు చీరలు వేలి వెడల్పు పీలికలుగా కోసి, నున్నగా గీకిన వెదురు పుల్లల మీద అల్లితే గుమ్మం ముందు వేసుకునే పట్టా తయారవుతుంది. ఇద్దరు ముగ్గురు కలిసి కూర్చుంటే ఇంకా మంచిది. ఒకే నియమం పెట్టుకుని ఎవరికి వాళ్ళు అల్లి, చివరికి పక్కపక్కన పెట్టి చూడండి. తేడా ఎక్కడ వచ్చిందో మాట్లాడుకుంటేనే విషయం బయటపడుతుంది.

2024లో నరసాపురం క్రోషె లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. యంత్రాల మీద చవగ్గా తయారయ్యే లేసుతో పోటీ పడాలంటే ఆ ముద్ర పనికొస్తుంది. ముద్ర మాత్రం పాత పువ్వునే కాపాడుతుంది. కొత్త పువ్వు పుట్టించదు. మా వైపు లేసు సంఘాలకీ, ఎగుమతిదారులకీ నేను అడిగేది చిన్న విషయం. వారంలో ఒక రోజు, అల్లే ఆడవాళ్ళని ఒక చోట కూర్చోబెట్టి, ముక్కలు లెక్కపెట్టకుండా రోజుకూలి ఇవ్వండి. దారం తూచకుండా ఇవ్వండి. ఆ రోజు ఏదీ అమ్ముడుపోనక్కర్లేదు, ముడతలు పడ్డా తిప్పి కొట్టకండి. అందులోంచి ఎప్పుడో ఒక డిజైను ఆర్డరు తెస్తే దాని కింద అల్లిన మనిషి పేరు రాయండి, అమ్మిన ప్రతి ముక్క మీదా ఆమెకి వాటా ఇవ్వండి. పాచికలు కావాలంటే నేను పట్టుకొస్తాను.